కంఠాన్ని చిత్రించడం: బ్యూఫోర్డ్ డెలానీ ‘ఎల్లా ఫిట్జెరాల్డ్’ చిత్రంలో స్త్రీ, జాజ్ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
జాజ్ సంగీత ప్రేరణతో వచ్చిన పాశ్చాత్య చిత్రాలలో స్త్రీ తరచుగా ఆ సంగీతానికి అలంకారంగానే కనిపిస్తుంది. దాని కర్తగా కనిపించడం అరుదు. అమెరికన్ నల్లజాతి చిత్రకారుడు బ్యూఫోర్డ్ డెలానీ 1968లో చిత్రించిన ‘ఎల్లా ఫిట్జెరాల్డ్’ ఈ ధోరణికి భిన్నమైనది. ఆ భిన్నత్వం ఎక్కడుందో, దానికి చిత్రకారుడు చెల్లించిన మూల్యమేమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: జాజ్, చిత్రకళ, స్త్రీరూపం, రాగమాల, వ్యంజన, బ్యూఫోర్డ్ డెలానీ, ఎల్లా ఫిట్జెరాల్డ్.

సమస్య

‘జాజ్ స్ఫూర్తితో గీసిన స్త్రీచిత్రం’ అనగానే మనసులో మెదిలే రూపం ఒకటుంది. పొడవాటి ఎర్రని గౌను, వెనక్కి వాలిన తల, అరమూసిన కన్నులు, పక్కనే శాక్సోఫోన్. వాద్యం వంపునూ నడుము వంపునూ దాదాపు ఒకే గీతతో లాగి ఉంటారు. హోటళ్ళ గోడల మీద, కాఫీ దుకాణాల్లో, క్యాలెండర్లలో ఈ బొమ్మ ఎన్నెన్ని రంగుల్లో తిరుగుతున్నదో లెక్క లేదు. ఈ స్త్రీకి పేరుండదు. ఆమె ఏ పాట పాడుతున్నదో తెలియదు. అసలు పాడుతున్నదో, వింటున్నదో, ఊరికే నిలబడి ఉన్నదో కూడా తెలియదు. సంగీతం ఆమె దేహం మీదుగా ప్రవహించిపోతుందే గాని ఆమె నుంచి వెలువడదు.

దీన్ని చౌకబారు బొమ్మ అని తోసిపుచ్చడం తేలికే. కాని ఈ బొమ్మకు గౌరవనీయమైన పూర్వచరిత్ర ఉంది. సంగీతాన్ని కంటికి చూపించదలచినప్పుడు చిత్రకారులు స్త్రీదేహాన్ని ఎందుకు ఆశ్రయిస్తారన్నది ఒక ప్రశ్న. పాడుతున్న స్త్రీని చిత్రించదలచినప్పుడు ఆమె పాటను ఎలా చూపించాలన్నది వేరొక ప్రశ్న. జాజ్ చిత్రాలను గురించిన చర్చలో ఈ రెండూ తరచుగా కలగాపులగమవుతాయి. మొదటిదానికి జవాబు చెప్పి రెండవదానికి కూడా చెప్పేశామనుకుంటాం.

రాగిణికి పేరున్నది, స్త్రీకి లేదు

శబ్దానికీ రూపానికీ గల సంబంధం భారతీయ లక్షణకారులకు కొత్త విషయం కాదు. విష్ణుధర్మోత్తరపురాణం తృతీయఖండంలో ప్రతిమాలక్షణం తెలుసుకోగోరిన వజ్రుడికి మార్కండేయుడు, చిత్రం తెలియనిదే ప్రతిమ తెలియదని, నృత్తం తెలియనిదే చిత్రం తెలియదని, వాద్యం తెలియనిదే నృత్తం తెలియదని చెప్పుకుంటూ చివరకు గీతం దగ్గరికి తీసుకువెళ్తాడు. ఈ ప్రస్తావన అన్నీ మన దగ్గర ముందే ఉన్నాయని చాటుకోవడానికి కాదు. ఆ అలవాటు మన వ్యాసాల్లో ఇప్పటికే ఎక్కువగా ఉంది. చిత్రానికి మూలం గీతమని చెప్పిన సంప్రదాయంలో కూడా గీతాన్ని పాడే మనిషి ఎవరన్న ప్రశ్న తలెత్తలేదని గుర్తుచేయడానికే.

రాగమాల చిత్రాలలో ఇది మరింత స్పష్టం. రాజస్థాన్, దక్కను, పహాడీ ప్రాంతాల చిత్రకారులు రాగాలను పురుషులుగా, రాగిణులను వారి భార్యలుగా భావించి చిత్రించారు. తోడి రాగిణి వీణ పట్టుకొని అడవిలో నిలబడుతుంది. లేళ్ళు ఆమె చుట్టూ చేరతాయి. భైరవి శివలింగాన్ని అర్చిస్తుంది. ఇవి అందమైన చిత్రాలు, సందేహం లేదు. కాని తోడి అన్నది రాగం పేరు, స్త్రీ పేరు కాదు. చేతిలో వీణ ఉన్నా ఆమె వైణికురాలు కాదు. రాగానికి ధరింపజేసిన రూపం. సంగీతం స్త్రీ అయినప్పుడు స్త్రీ సంగీతకర్త కావలసిన అవసరం ఉండదు. ఈ సూత్రాన్ని గుర్తుంచుకుంటే, రాగమాలతో ఏ సంబంధమూ లేని 20వ శతాబ్దపు యూరప్ చిత్రాలలో కూడా దాదాపు ఇదే జరగడం గమనించవచ్చు.

డిక్స్, కొలిన్: చూపుకు చిక్కిన జాజ్

జర్మన్ చిత్రకారుడు ఓటో డిక్స్ 1927-28లో ‘మహానగరం’ అనే మూడు ఫలకాల చిత్రాన్ని వేశాడు. ఇప్పుడది స్టుట్‌గార్ట్ కళాసంగ్రహాలయంలో ఉంది. చర్చి పూజావేదికల మీది త్రిఫలక రూపాన్ని తీసుకొని, దేవుడుండవలసిన నడిమి ఫలకంలో ఆయన ఒక నృత్యశాలను నిలిపాడు. ఒకవైపు శాక్సోఫోన్‌తో జాజ్ బృందం, నడుమ నాట్యమాడే జంట, ఈకల విసనకర్ర పట్టుకొని ఆభరణాలతో మెరుస్తున్న స్త్రీ. పక్క ఫలకాల్లో మొదటి ప్రపంచయుద్ధంలో అవయవాలు కోల్పోయిన సైనికులు, వీధిలో నిలబడ్డ వేశ్యలు.

డిక్స్ గొప్ప చిత్రకారుడు. జాజ్ అన్నా ఆ నృత్యాలన్నా ఆయనకు ప్రాణం. ఈ చిత్రంలోని వ్యంగ్యం కూడా పదునైనదే: లోపల వాయిద్యం ఎంత బిగ్గరగా మోగితే బయటి కుంటివాడి అడుగుల చప్పుడు అంతగా వినిపించదు. అయితే ఆ వ్యంగ్యం పనిచేయడానికి స్త్రీలు ఏ పాత్ర వహించవలసి వచ్చిందో చూడాలి. మూడు ఫలకాల్లోనూ వాళ్ళే కేంద్రం. మూడింటిలోనూ వాళ్ళు కొనుగోలుకు సిద్ధంగా ఉన్న మెరుపు. వాయించేది పురుషులు, ఆ వాయిద్యం ఎంతటి మత్తు కలిగించిందో చూపించే కొలబద్ద స్త్రీల దేహాలు. నగరం పతనాన్ని నిందించే చిత్రం ఆ నిందను స్త్రీల వంటిమీద రాసింది.

పారిస్‌లో ఇదే కాలపు కథ ఇంకాస్త మొరటుగా నడిచింది. 1925లో జోసెఫిన్ బేకర్ పాల్గొన్న ‘రెవ్యూ నెగ్ర’ ప్రదర్శనకు పాల్ కొలిన్ గీసిన గోడపత్రికలో ఉబ్బిన ఎర్రపెదవులతో ఇద్దరు నల్లజాతి పురుషుల వికృతముఖాలు, వాటి నడుమ బిగుతైన పొట్టి తెల్లగౌనులో బేకర్. గీతలో చురుకుదనం అపారం. అందుకే ఆ పత్రిక ఇప్పటికీ పునర్ముద్రణ పొందుతూనే ఉంది. ఆ చురుకుదనమే అందులోని అవమానాన్ని కూడా ఇన్నేళ్ళు మోసుకొచ్చింది. డెలానీ పారిస్ చేరింది దీనికి 28 ఏళ్ళ తర్వాత. నల్లజాతి స్త్రీ, జాజ్, పారిస్ అన్న మూడు మాటలు కలిస్తే ఎలాంటి బొమ్మ రావాలో అప్పటికే ఆ నగరం నిర్ణయించుకొని ఉంది.

గ్రీన్ వీధిలోని గ్రామఫోన్

బ్యూఫోర్డ్ డెలానీ 1901లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రం నాక్స్‌విల్‌లో జన్మించాడు. తండ్రి మెథడిస్ట్ బోధకుడు. తల్లి బానిసత్వంలో పుట్టిన మనిషి. 1923లో బోస్టన్‌కు, 1929లో న్యూయార్క్‌కు చేరాడు. డ్యూక్ ఎల్లింగ్టన్, ఎథెల్ వాటర్స్ మొదలైన సంగీతకారుల పాస్టెల్ చిత్రాలతో తొలి గుర్తింపు వచ్చింది గాని పేదరికం తీరలేదు.

1940లో ఆయన గ్రీన్ వీధి గది తలుపు తట్టిన కుర్రవాడు జేమ్స్ బాల్డ్విన్. బోధకుడైన సవతితండ్రి ఇంట్లో జాజ్, బ్లూస్ పాపిష్ఠి సంగీతం. ఆ పాటలను బాల్డ్విన్ మనసుపెట్టి విన్నది డెలానీ గ్రామఫోన్ మీదనే. బెస్సీ స్మిత్, ఎథెల్ వాటర్స్, ఎల్లా ఫిట్జెరాల్డ్ గొంతులు ఆ గదిలో మోగాయని ఆయనే తరువాత రాసుకున్నాడు. తొలి నవలను స్విట్జర్లాండ్‌లోని ఒక మంచుపల్లెలో పూర్తిచేసేటప్పుడు బాల్డ్విన్ వెంట ఉన్నవి బెస్సీ స్మిత్ రికార్డులు. జాజ్ వాద్యకారుడి కథ ‘సన్నీస్ బ్లూస్’ ఉన్న 1965 నాటి కథాసంపుటిని ఆయన డెలానీకే అంకితమిచ్చాడు. బాల్డ్విన్ వచనంలోని లయను గురించి పరిశోధించేవారు చర్చి ప్రసంగాల దగ్గర ఆగిపోతుంటారు. ఈ గ్రామఫోన్‌కు కూడా అందులో వాటా ఉంది.

చూడటం కూడా బాల్డ్విన్ అక్కడే నేర్చుకున్నాడు. వీధి మూలన నిలబడి ఉండగా డెలానీ అతనికి కాలువలోని మురుగునీటిని చూపించాడు. మొదటిసారి చూసినప్పుడు నీళ్ళే కనిపించాయి. మళ్ళీ చూడమన్నాడు. ఆ నీటి మీద తేలే నూనెతెట్టులో చుట్టూ ఉన్న భవనాలు వంకరలు తిరుగుతూ కనిపించాయి. ఈ సంఘటన డెలానీ కళకు తాళంచెవి వంటిది. ఉన్న వస్తువును వదలకుండా దాని మీద ఆడే కాంతిని పట్టుకోవడం ఆయన జీవితకాలపు పని.

1953లో డెలానీ ఫ్రాన్స్ వెళ్ళాడు. పారిస్ శివారు క్లమార్‌లో ఉన్న రోజుల్లో ఆయన చిత్రాలలో ఆకారాలు కరిగి, పసుపు ప్రధానమైన దట్టమైన రంగుపొరలు మిగిలాయి. విశేషమేమంటే ఈ నైరూప్య చిత్రాలు వేస్తున్న కాలంలోనే ఆయన వ్యక్తిచిత్రాలూ వేస్తూనే ఉన్నాడు. ఒకటి వదిలి మరొకటి పట్టుకోలేదు. 1968 నాటి ‘ఎల్లా ఫిట్జెరాల్డ్’ ఈ రెండు దారులూ కలిసిన చోట ఉంది.

నాట్యానికి వచ్చి పాడిన పిల్ల

చిత్రం దగ్గరికి వెళ్ళేముందు ఎల్లాను గురించి రెండు విషయాలు చెప్పాలి. 1934 నవంబరులో 17 ఏళ్ళ ఎల్లా హార్లెమ్‌లోని అపోలో థియేటర్ వేదిక ఎక్కింది నాట్యం చేయడానికి. తనకు ముందు ఆడిన అక్కచెల్లెళ్ళ నాట్యం చూసి బెదిరి, నాట్యం మానుకొని పాడింది. గెలిచింది. అంత గొంతు విన్న తర్వాత కూడా బృందనాయకుడు చిక్ వెబ్ ఆమెను తీసుకోవడానికి తటపటాయించాడని, అందుకు కారణం ఆమె రూపమూ వేషమూనని జీవితచరిత్రలు చెబుతాయి. వేదిక మీది గాయనికి ఉండవలసిన ఆకారం ఒకటి అప్పటికే ఖాయమై ఉంది. అది పైన చెప్పిన ఎర్రగౌను బొమ్మకు అక్కలాంటిది. 1939లో వెబ్ మరణించాక ఆ బృందాన్నే ఎల్లా నడిపింది.

రెండవది ‘స్కాట్’. మాటలు వదిలేసి అర్థరహితమైన అక్షరాలతో గొంతును వాద్యంలా నడిపే పద్ధతి ఇది. మన స్వరకల్పనతో దీన్ని పోల్చడం కద్దు గాని ఆ పోలిక సగమే నిజం. స్వరకల్పనలో స, రి, గ, మలు తమ స్థానాన్ని తామే చెప్పుకుంటాయి. స్కాట్ అక్షరానికి ఆ బాధ్యత లేదు. అది కేవలం గొంతు మోపే అడుగు. 1960 ఫిబ్రవరిలో బెర్లిన్ కచేరీలో ఎల్లా ‘మాక్ ద నైఫ్’ పాడుతూ మధ్యలో మాటలు మరిచిపోయింది. ఆగలేదు. మరిచిపోయానన్న సంగతినే పాటలో కలిపి, అప్పటికప్పుడు మాటలు అల్లి, నవ్వుతూ ముగించింది. ఆమెకు గ్రామీ బహుమతి తెచ్చిన రికార్డులలో అదొకటి. ఈ పాట పుట్టింది కూడా బెర్లిన్‌లోనే, బ్రెఖ్ట్, వైల్‌ల సంగీతనాటకం కోసం, 1928లో. డిక్స్ తన మహానగరాన్ని పూర్తిచేసిన సంవత్సరం. డిక్స్ చిత్రంలో జాజ్‌కు తళుకుగా మిగిలిన స్త్రీ, 32 ఏళ్ళ తర్వాత అదే దేశంలో పాట పగ్గాలు పట్టుకొని కనిపించడం కాకతాళీయమే. అయినా ఈ వ్యాసానికి అవసరమైన కాకతాళీయం.

పసుపు

డెలానీ చిత్రం పెద్దది కాదు. కాన్వాసు మీద తైలవర్ణం. ఇప్పుడది అమెరికాలోని సవానా కళావిద్యాలయపు సంగ్రహాలయంలో ఉంది. గాయని మన వైపు తిరిగి ఉంది. వేదిక లేదు, వాద్యబృందం లేదు, కచేరీని సూచించే సరంజామా లేదు. చిత్రమంతా పసుపు. పలుచని పూత కాదు. కుంచె తిరిగిన ప్రతి మలుపూ పైకి తేలి కనిపించేంత దట్టమైన రంగు. ఆ రంగు నేపథ్యంగా వెనక ఉండిపోదు, ముఖంలోకీ వస్తుంది. ఎక్కడ గాలి ముగిసి ఎక్కడ మనిషి మొదలైందో గీత గీసి చూపలేం.

పేరు తీసేసి ఈ చిత్రాన్ని చూపిస్తే ఎల్లాను గుర్తుపట్టేవారు ఎందరు? కొద్దిమందే. వ్యక్తిచిత్రానికి ఇది లోపం కాదా? లోపమేనని అనుకొని, ఆ లోపాన్ని డెలానీ ఎందుకు ఎంచుకున్నాడని అడగడం మేలు. 1930లలో పోలిక తప్పకుండా సంగీతకారుల పాస్టెల్ చిత్రాలు వేసిన చెయ్యి ఇది. చేతకాక వదిలింది కాదు. ఎల్లా ముఖం 1968 నాటికి ప్రపంచమంతా రికార్డు అట్టల మీద అచ్చయిన ముఖం. దాన్ని మరోసారి గీయవలసిన అగత్యం లేదు. ఆ ముఖాన్ని గురించే, ఆ దేహాన్ని గురించే తొలినాళ్ళలో లోకం సణిగింది కూడా. డెలానీ పోలికను సడలించి, ఆ సణుగుడుకు అవకాశమిచ్చే భూమికనే తొలగించాడు. స్కాట్‌లో గొంతు మాటను వదిలినట్టు ఇక్కడ రంగు పోలికను వదిలింది. మాట పోయినా పాట నిలిచింది. పోలిక పోయినా మనిషి నిలిచింది, పేరుతో సహా.

ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం ప్రథమోద్యోతంలో ప్రతీయమానార్థాన్ని స్త్రీల లావణ్యంతో పోల్చాడు. అది ప్రసిద్ధమైన అవయవాలకు అతిరిక్తంగా ప్రకాశిస్తుందన్నాడు. కావ్యపాఠాల్లో మనం దీన్ని తరచుగా చెబుతాం. పోలికలోని స్త్రీ ఒక చూపుకు విషయంగానే ఉందన్నది మాత్రం చెప్పం. అవయవాలను దాటిన లావణ్యం కూడా కంటికి కనబడేదే. డెలానీ చిత్రంలో అవయవాలకు అతిరిక్తంగా ప్రకాశించేది లావణ్యం కాదు, కంఠం. దాన్ని కన్ను నేరుగా అందుకోలేదు. వ్యంజనకు ఇక్కడ వాచ్యంగా నిలిచింది స్త్రీ అందం కాక స్త్రీ చేసిన పని. ఆనందవర్ధనుడి సిద్ధాంతం ఈ చిత్రానికి పనికివస్తుంది. ఆయన ఉపమానం పనికిరాదు.

ఒక ఆక్షేపణ తప్పక వస్తుంది. ఈ పసుపు ఎల్లాకు మాత్రమే ప్రత్యేకమా? కాదు. 1963 నాటి బాల్డ్విన్ చిత్రంలోనూ, 1965 నాటి మరియన్ ఆండర్సన్ చిత్రంలోనూ, మనిషే లేని నైరూప్య చిత్రాలలోనూ అదే పసుపు ఉంది. ఆండర్సన్ జాజ్ గాయని కాదు; బాల్డ్విన్ గాయకుడే కాదు. అందరికీ ఒకే రంగు పూసినప్పుడు దాన్ని జాజ్ స్ఫూర్తి అనడం ఎలా కుదురుతుంది? పసుపును ఎల్లా గొంతుకు పర్యాయపదంగా చదివితే ఈ ఆక్షేపణకు జవాబు లేదు. దాన్ని శ్రుతిగా చదివితే ఉంది. తంబుర అన్ని రాగాలకూ ఒకే శ్రుతి ఇస్తుంది. అందువల్ల రాగాలన్నీ ఒకటి కావు. డెలానీ పసుపు శ్రుతి. దాని మీద ఆండర్సన్ దేవతాప్రతిమలా గంభీరంగా, నిశ్చలంగా కూర్చుంది. ఎల్లా దగ్గర ఆ గాంభీర్యం కరిగింది.

ఆయన అనారోగ్యాన్ని కారణంగా చూపే పద్ధతి ఇంకొకటి. డెలానీకి చాలాకాలం పాటు లేని గొంతులు వినిపించేవి. అవి ఆయనను బెదిరించేవి, దూషించేవి. 1961లో గ్రీసు ప్రయాణంలో ఆత్మహత్యకు ప్రయత్నించాడు. 1979లో మరణించింది పారిస్‌లోని సెంటాన్ మానసిక వైద్యశాలలోనే. దీన్నిబట్టి ఆ పసుపును ఉన్మాదపు రంగుగా చూసేవారున్నారు. వాన్ గో కథను మరొకరికి తొడగడం విమర్శకులకు అలవాటే. నాకు దీనికి వ్యతిరేకంగా తోస్తుంది. వద్దన్నా చెవిలో మోగే గొంతులతో బతికిన మనిషి, కోరి విన్న ఒక గొంతును చిత్రానికి వస్తువుగా ఎన్నుకున్నాడు. జబ్బు చేయించిన పనిలో ఇంతటి ఎంపిక ఉండదు.

నాదం, లయ

ఇంత చెప్పిన తర్వాత ఈ చిత్రంలో లేనిదేమిటో కూడా చెప్పాలి. ఇందులో నాదం ఉంది, లయ లేదు. కుంచె మలుపుల్లో కదలిక ఉన్న మాట నిజమే. కాని ఆ కదలిక ఎడతెగనిది. జాజ్ లయలోని ఎదురుచూడని తెగింపు, ఊహించిన చోట పడకుండా క్షణం ముందో వెనకో పడే దెబ్బ అందులో లేవు. బెర్లిన్ వేదిక మీద మాట మరిచి నవ్విన ఎల్లా ఇందులో కనిపించదు. ఆమె చిలిపితనాన్ని పసుపు కాంతి కొంత మింగేసింది. దేహాన్ని చూపు నుంచి కాపాడే క్రమంలో డెలానీ ఆమెను కొద్దిగా పుణ్యాత్మురాలిని చేశాడనిపిస్తుంది.

లయను పట్టుకున్న చిత్రకారుడు వేరొకరున్నారు. రోమేర్ బేర్డెన్. మిత్రుడైన చిత్రకారుడు స్టువర్ట్ డేవిస్ సలహాతో ఎర్ల్ హైన్స్ పియానో రికార్డులు పదేపదే విని, స్వరాల కంటే స్వరాల మధ్య విరామాలను గమనించడం నేర్చుకున్నానని బేర్డెన్ చెప్పేవాడు. కత్తిరించి అంటించిన కాగితపు ముక్కల మధ్య ఆయన వదిలే ఖాళీలు ఆ విరామాలే. బెస్సీ స్మిత్ బిరుదునే పేరుగా పెట్టిన 1974 నాటి ‘ఎంప్రెస్ ఆఫ్ ద బ్లూస్’లో ఆ తెగింపు, ఆ దెబ్బ రెండూ వినిపిస్తాయి. అయితే అక్కడ గాయని మళ్ళీ వేదిక మీదికి, బృందం నడుమకు, చూసేవారి ముందుకు వచ్చింది. సామ్రాజ్ఞిగానే వచ్చింది, నిజమే. డెలానీకి దొరికిన నాదమూ బేర్డెన్‌కు చిక్కిన లయా ఒక్క స్త్రీరూపంలో కలిసిన చిత్రం నాకింతవరకు ఎదురుపడలేదు.